బల్లి చంపిన పీఎస్ 4, దాని చోట కొన్న పీఎస్ 5 స్లిమ్: ఏడాది దాటాక

మా పీఎస్ 4 స్లిమ్‌ని, అదే టీవీకి తగిలించి ఆడుకునే సోనీ ప్లేస్టేషన్ గేమ్ బాక్సుని, చంపింది బల్లి. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే అది పోయిన రోజు చూసినవాళ్లంతా "లో వోల్టేజీ వల్లేరా" అని తేల్చేశారు, నేనూ నమ్మేసి స్టెబిలైజర్ బేరమాడి వచ్చాను.

మాది మలికిపురం దగ్గర, కొబ్బరితోటలో ఇల్లు. సాయంత్రమైతే ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది, టీవీ ఒక్కోసారి ఆరిపోతుంది, ఈ బాక్సు మాత్రం 2018 నుంచి ఆరేళ్లు ఎప్పుడూ మొరాయించలేదు. 2024 కార్తీకమాసంలో ఒక వాన రాత్రి టప్‌మని శబ్దం, కాలిన వాసన, అంతే. లైటు లేదు, బీప్ లేదు.

తువ్వాలులో చుట్టి, బండి మీద చించినాడ వంతెన దాటించి భీమవరం పట్టుకెళ్లాను. మెకానిక్ విప్పి నన్ను పిలిచాడు. "చూడండి బాబూ, అద్దె కట్టకుండా ఉంటున్నాడండి లోపల." పవర్ సప్లై మీద మాడిపోయిన బల్లిపిల్ల. ఆ సప్లై మీదే 100-240 వోల్టులని రాసి ఉంది, అంటే 160కి పడిపోయినా దానికి లెక్క లేదు. తప్పు నాదే. ట్యూబులైటు కింద పెట్టాను, పురుగుల కోసం బల్లులు చేరేది అక్కడే. పైగా రాత్రంతా రెస్ట్ మోడ్‌లో, అంటే పూర్తిగా ఆపకుండా నిద్రపుచ్చి, వదిలేసేవాడిని, వానలో వెచ్చగా ఉండే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది వాటికి? సముద్రపు గాలికి టీవీ వైరు గుచ్చే హెచ్‌డీఎమ్ఐ పోర్టు చుట్టూ చిలుము కూడా పట్టింది.

సప్లై మార్పిస్తే 11 రోజులు ఆడింది. తర్వాత నీలం లైటు కొట్టుకుని ఆగిపోవడం మొదలు. బోర్డుకి 7,500 అవుతుందన్నాడు, గ్యారంటీ మాత్రం ఇవ్వనన్నాడు. నిజాయితీపరుడు. అక్కడితో వదిలేశాను.

బాధంతా సేవ్‌ల గురించే, అంటే ఏ ఆటలో ఎంతవరకు వచ్చామో దాచి ఉంచే ఫైళ్లు. హార్డ్ డిస్క్ బాగానే ఉంది కదా, తీసి ఇంకో దాంట్లో పెడదాం అనుకుంటాం, కుదరదు. అది ఆ ఒక్క బాక్సుకే తాళం వేసి ఉంటుంది. క్లౌడ్‌లో, అంటే నెట్‌లో సోనీ దగ్గర, దాచుకోవాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి, నేను కట్టలేదు. ఆ 11 రోజుల్లో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినవి మాత్రం దక్కాయి. మీ బాక్సు ఇంకా ఆన్ అవుతుంటే, ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి.

ఇక కొత్తది, పీఎస్ 5 స్లిమ్. ఇది 2024 ఏప్రిల్‌లో మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్నది 54,990, లేనిది 44,990. పదివేలు తేడా అని అందరూ లేనిది తీసుకోమన్నారు, నేను వినలేదు. డ్రైవ్ లేనిదాంట్లో ఆటలన్నీ నెట్‌లోంచే దింపుకోవాలి. 2022 మేలో కోనసీమలో నెట్ ఆపేసినప్పుడు మా ఇంట్లో కాలక్షేపం డిస్కులే. పైగా పాత పీఎస్ 4 డిస్కులు ఇందులో ఆడతాయి, నా దగ్గర 14 ఉన్నాయి. డ్రైవును మొదటిసారి బాక్సుతో జతచేసేటప్పుడు మాత్రం నెట్ కావాలి, అది గుర్తుంచుకోండి.

ఏడాది పైన వాడాక చెప్తున్నా, ఆట లోడయ్యే వేగం చూశాక పాతదాని ముందు అన్నేళ్లు టీ తాగుతూ ఎలా కూర్చున్నానో అనిపించింది. చప్పుడు దాదాపు లేదు, పాతది ఎండాకాలంలో తడి పిండి రుబ్బే గ్రైండరులా అరిచేది. పక్క పలకలు చేత్తోనే ఊడొస్తాయి, నెలకోసారి దుమ్ము దులుపుతాను. నచ్చనివీ ఉన్నాయి. నిలబెట్టే స్టాండు విడిగా కొనుక్కోవాలి, పెట్టెలో ఇచ్చేవి పడుకోబెట్టడానికి రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు, అంతే. పాత కంట్రోలర్ పీఎస్ 4 ఆటలకే పనిచేస్తుంది. పీఎస్ 5 ఆటల సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావు, దాంతో చివరికి చందా కట్టక తప్పలేదు, ఆ మాట మా నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు ట్యూబులైటుకి దూరంగా, కిటికీకి ఎదురు గోడ దగ్గర పెట్టాను. రెస్ట్ మోడ్ లేదు, ఆట అవగానే ప్లగ్గు పీకేస్తాను. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ వచ్చి పడుతుందే, దానికి భయపడి సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి తగిలించాను, స్టెబిలైజర్ కొనలేదు. పాతదాని కరెంటు వైరు దీనికీ సరిపోయింది. ఒక వైరు హాల్లో, ఇంకో వైరు నా గదిలో ఉంచాను, బాక్సు ఒక్కటే మోసుకెళ్తే చాలు.