బరంపురం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: 16 గంటలు కాదు, 36

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చూపించే సైట్లు అబద్ధం చెప్పవు. కాకపోతే అవి చెప్పే ఆ 16 గంటలు రన్‌వే నుంచి రన్‌వేకే లెక్క. మన ప్రయాణం గుమ్మం దగ్గర మొదలవుతుంది.

గాలిలో ఉండే సమయానికి లెక్క సులువు. కిలోమీటర్లను 800తో భాగించాలి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు వచ్చిన తొలి నాన్‌స్టాప్ 13,993 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు ఎగిరింది. మన లెక్కలో పదిహేడున్నర. ధ్రువం మీదుగా ఎందుకంటే గోళం మీద దారం లాగి చూడండి, అదే దగ్గరి దారి. న్యూయార్క్ అయితే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలి మనవైపు. గంటకు పైనే తేడా పడుతుంది.

ఇక బరంపురం లెక్క. భువనేశ్వర్‌కు రైల్లో 166 కిలోమీటర్లు, మూడు గంటలు అనుకోండి. ఎయిర్‌పోర్టులో రెండున్నర, హైదరాబాద్‌కు ఒకటిన్నర, అక్కడ నాలుగు గంటల పడిగాపులు. దుబాయ్‌కి నాలుగు, అక్కడ మూడున్నర, శాన్‌ఫ్రాన్సిస్కోకు 16, ఇమిగ్రేషన్‌కీ సామానుకీ ఒకటిన్నర. మొత్తం 36. అందులో పద్నాలుగున్నర గంటలు నేల మీదే. రెండో సెక్యూరిటీ దగ్గరికి వచ్చేసరికే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల మొహాలు వాడిపోతాయి. వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే అడగాలి.

చుట్టాలున్నారని బరంపురం వాళ్లు విశాఖకు పరిగెత్తడం దండగ. రైల్లో 277 కిలోమీటర్లు. పర్లాకిమిడి, రాయగడ వాళ్లకైతే విశాఖే దగ్గర.

అసలు చిల్లు పడేది విడివిడి టికెట్ల దగ్గర. రెండు వేలు మిగులుతాయని భువనేశ్వర్–హైదరాబాద్ టికెట్ వేరేగా కొంటారు. అమెరికా టికెట్ మీద సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు, అంటే 46 కిలోలు. వేరే కొన్న దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. మిగతా 31 కిలోలకు కిలో 500 వేసుకున్నా 15,500 రూపాయలు! పైగా హైదరాబాద్‌లో సామాను దింపుకుని మళ్లీ చెక్ఇన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే టికెట్ డబ్బు మన నెత్తినే. ఒకే పీఎన్ఆర్ మీద అంతా ఉంటే సామాను నేరుగా పోతుంది, అమెరికాలో తొలి మజిలీలో కస్టమ్స్‌కు మాత్రం తీసుకోవాలి. తుఫాన్ల కాలం, అక్టోబరు నవంబరుల్లో, భువనేశ్వర్‌కు ముందురోజే చేరి లాడ్జిలో పడుకోవడం మేలు.

టికెట్ మీద ఉండేది స్థానిక సమయం. చలికాలంలో దుబాయ్‌లో ఉదయం 8.30కి ఎక్కి అదే రోజు మధ్యాహ్నం 1కి దిగినట్టు ఉంటే అది నాలుగున్నర గంటలు కాదు, పదహారున్నర. గడియారాలకు మధ్య 12 గంటల తేడా.

న్యూయార్క్, షికాగో వెళ్లేవాళ్లు అబుదాబి మీదుగా వెళ్తే ఒక సుఖం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, దిగాక నేరుగా బయటికే. కానీ ఆ క్యూ కోసం అక్కడ మూడు గంటలైనా చేతిలో ఉంచుకోండి.