జాగ్రత్త: పోర్చుగల్‌లో, స్పెయిన్‌లో బ్రిటన్ నంబరున్న క్యాంపర్ వ్యాన్ చవగ్గా వస్తోందని కొనకండి

వేసవి ముగిసి చలి మొదలయ్యేసరికి పోర్చుగల్‌లోని లాగోస్, లిస్బన్, స్పెయిన్‌లోని టరీఫా వైపు ఒకే రకం ప్రకటనలు కనబడతాయి. ముందు తెల్ల ప్లేటు, వెనక పసుపు ప్లేటు, స్టీరింగు కుడి వైపు. ఫోర్డ్ ట్రాన్సిటో, వాక్స్‌హాల్ వివారోనో అయి ఉంటుంది. లోపల చెక్క మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, పైన సోలార్ ప్యానెల్, తీగకు వేలాడే దీపాలు. అమ్మేది ఆస్ట్రేలియా కుర్రాడో, న్యూజిలాండ్ అమ్మాయో. "పేపర్లన్నీ క్లియర్, శుక్రవారం నా ఫ్లైట్, ముందు డబ్బిచ్చినవాళ్లకే బండి." లండన్‌లో అదే బండికి అడిగే ధర కన్నా వెయ్యో రెండు వేలో యూరోలు తక్కువ చెబుతారు. లండన్‌లో యూత్ మొబిలిటీ వీసా (యువత కొన్నాళ్లు ఉండి పనిచేసుకునే వీసా) మీద ఉంటూ యూరప్ చుట్టి రావాలనుకునే ఆస్ట్రేలియా పిల్లలకు ఇది తేలిగ్గా తగిలే వల. మెల్‌బోర్న్, సిడ్నీల్లో పెరిగిన మన తెలుగు పిల్లలూ ఆ గుంపులో ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాం.

అమ్మేవాడు మోసగాడే కానక్కర్లేదు. చాలాసార్లు అతని పరిస్థితే అంత. ఆస్ట్రేలియా పాస్‌పోర్టుతో వీసా లేకుండా షెంగెన్ దేశాల్లో (మధ్యలో సరిహద్దు తనిఖీల్లేని యూరప్ దేశాల గుంపు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు. 2025 అక్టోబరు 12న ఈఈఎస్ (ఆ దేశాల సరిహద్దుల్లో రాకపోకలు నమోదు చేసే వ్యవస్థ) మొదలయ్యాక రాకపోకలు వేలిముద్రలతో, ఫొటోతో కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. స్టాంపు సరిగా పడలేదని తప్పించుకునే రోజులు పోయాయి. అతని 90 రోజులు అయిపోవస్తున్నాయి, బండి ఎంవోటీ (బ్రిటన్ ఫిట్‌నెస్ పరీక్ష) గడువూ దగ్గరపడింది. లిస్బన్ నుంచి ఫ్రాన్స్ రేవు కలే దాకా రెండు వేల కిలోమీటర్ల డీజిలు, టోళ్లు, ఆపైన ఫెర్రీ. ఈ ఖర్చూ తలనొప్పీ మీ నెత్తిన పెట్టడానికే ధర తగ్గించాడు. మీరు చూసే డిస్కౌంటు అదే.

మొదటి చిక్కు ఎంవోటీ. అది బ్రిటన్‌లో ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష. దాన్ని బ్రిటన్‌లోనే చేయాలి. పోర్చుగల్‌లోనో స్పెయిన్‌లోనో గ్యారేజీకి తీసుకెళ్లి అక్కడి తనిఖీ చేయించినా బ్రిటన్ బండికి అది ఎంవోటీ కాదు. "గడువు అయిపోయినా టెస్టు బుక్ చేసుకుని నడుపుకుంటూ వెళ్లొచ్చు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. ముందుగా బుక్ చేసిన టెస్టుకు వెళ్లే ఆ మినహాయింపు బ్రిటన్ రోడ్లకే, స్పెయిన్ హైవేకీ ఫ్రాన్స్ పోలీసులకీ దాంతో సంబంధం లేదు. ఎంవోటీ లేకపోతే రోడ్డు ట్యాక్స్ కట్టనివ్వరు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ దగ్గరా ఇబ్బందే. ఒక లోపం ఇంకో లోపాన్ని లాక్కొస్తుంది.

రెండోది రిజిస్ట్రేషన్ కాగితం, వీ5సీ. మన ఆర్సీలాంటిదే గానీ ఒక పెద్ద తేడా ఉంది: బండి యజమాని ఎవరో చెప్పే రుజువు కాదని దాని మీదే రాసి ఉంటుంది. బండి ఎవరి బాధ్యతలో ఉందో మాత్రమే చెబుతుంది. అందులో పేరు ఎక్కాలంటే బ్రిటన్ చిరునామా కావాలి. ఈ బ్యాక్‌ప్యాకర్ బళ్లలో తరచుగా కనబడే లోపం, అమ్మేవాడి పేరే కాగితంలో ఉండకపోవడం. ఇద్దరు యజమానుల వెనక ఉన్నవాడి పేరు అలాగే ఉంటుంది, మధ్యలో ఎవరూ మార్పించుకోలేదు. అమ్మేవాడి పాస్‌పోర్టు పేరు, వీ5సీలోని పేరు పక్కపక్కన పెట్టి చూడండి. కలవకపోతే అక్కడితో బేరం ఆపేయండి.

"లండన్‌లో ఫ్రెండ్ అడ్రస్ వేసేయ్, అందరూ చేసేదే" అనే సలహా కూడా వినబడుతుంది. ఆ ఫ్రెండ్ ఇంటికి మీ జరిమానా నోటీసులన్నీ పోతాయి, గడువు దాటాక రెట్టింపవుతాయి. అంతకన్నా ముఖ్యం, బండి రాత్రిపూట ఉండే చోటు అని బీమా ఫారంలో తప్పుడు చిరునామా ఇస్తే క్లెయిమ్ నాడు పాలసీ చెల్లదనొచ్చు.

బీమా సంగతి విడిగా చెప్పాలి. బ్రిటన్ నంబరు బండికి బ్రిటన్ పాలసీనే కావాలి, ఆ కంపెనీలు సాధారణంగా బ్రిటన్‌లో నివాసం అడుగుతాయి. పాలసీ దొరికినా యూరప్‌లో చట్టప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ కవరేజీ వస్తుందే గానీ, సొంత బండికి నష్టం, దొంగతనం లాంటివి ఏడాదికి 30 రోజులో 60 రోజులో 90 రోజులో మాత్రమే ఇచ్చేవి చాలా ఉన్నాయి. అమ్మేవాడి పాలసీ మీకు రాదు. అతను చూపించే సర్టిఫికెట్ చూసి మురిసిపోయి స్టీరింగు పట్టుకుంటే మీరు బీమా లేకుండా నడుపుతున్నట్టే.

ఇక చాలామందికి తెలియని అసలు గుంట, కస్టమ్స్. బ్రిటన్ ఇప్పుడు యూరోపియన్ యూనియన్ బయటి దేశం. బయట నివసించే వ్యక్తి తన సొంత వాడకానికి తన బండిని యూనియన్‌లోకి ఆరు నెలల దాకా సుంకం లేకుండా తేవచ్చు. ఆ మినహాయింపు ఆ బండికీ ఆ మనిషికీ కలిపి ఇచ్చింది. బండిని అక్కడే ఇంకొకరికి అమ్మితే, కస్టమ్స్ అనుమతి లేకుండా ఆ మినహాయింపు కొన్నవాడికి బదిలీ కాదు. మీరు లిస్బన్‌లోనో బెర్లిన్‌లోనో నివాసం ఉంటే సంగతి ఇంకా సూటి: అది దిగుమతి. సుంకం 10 శాతం, దాన్ని కలిపిన మొత్తం మీద ఆ దేశపు వ్యాట్.

8,000 యూరోల బండి తీసుకుని జర్మనీలో లెక్క వేద్దాం. సుంకం 800. ఇప్పుడు 8,800 మీద 19 శాతం వ్యాట్, అంటే 1,672. మొత్తం 2,472 యూరోలు అదనం. పోర్చుగల్‌లో వ్యాట్ 23 శాతం కాబట్టి 2,824 అవుతుంది, ఆపైన అక్కడి రిజిస్ట్రేషన్ పన్ను ఐఎస్‌వీ వేరే. "బ్రిటన్‌తో ఒప్పందం ఉందిగా, సుంకం సున్నా" అంటే, ఆ సున్నా బ్రిటన్‌లో తయారైనట్టు కాగితం చూపగల వస్తువుకే. జర్మనీలోనో టర్కీలోనో తయారై బ్రిటన్‌లో తిరిగిన వ్యాన్‌కు వర్తించదు. తర్వాత స్థానిక నంబరు కోసం హెడ్‌లైట్లు మార్చాలి, ఎందుకంటే బ్రిటన్ బండి లైటు ఎదురు వచ్చేవాడి కళ్లలోకి కొడుతుంది. మంచం, పొయ్యి, అదనపు సీట్లు ఇంట్లో బిగించినవైతే తనిఖీ ఇంజనీరు వాటికి కాగితాలు అడుగుతాడు. వెయ్యి యూరోలు మిగిలాయనుకున్న బేరం ఇక్కడే తలకిందులవుతుంది.

మీకు బ్రిటన్‌లో నిజమైన ఇల్లు, నిజమైన చిరునామా ఉంటే బండి బ్రిటన్‌లోనే కొనండి. బండి ఇప్పుడు స్పెయిన్‌లో ఉందంటారా, అమ్మేవాణ్నే బ్రిటన్ రేవులు పోర్ట్స్‌మత్‌కో డోవర్‌కో తెచ్చి ఇవ్వమనండి, అందుకు రెండు మూడొందలు ఎక్కువ ఇచ్చినా మీకే లాభం. ఒప్పుకోకపోతే అతనికే ఆ బండి మీద నమ్మకం లేదన్నమాట.

వెళ్లేముందే నంబరు అడిగి, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఎంవోటీ చరిత్ర చూడండి. ఉచితం. ప్రతి పరీక్ష ఫలితం, అప్పటి మైలేజీ, ఫెయిలైన కారణాలు, "అడ్వైజరీ" అని రాసిన హెచ్చరికలు అన్నీ ఉంటాయి. మైలేజీ ఒక ఏడాది వెనక్కి తగ్గిందా చూడండి. అడ్వైజరీల్లో తుప్పు అన్న మాట రెండు మూడేళ్లు వరసగా వచ్చిందంటే, ఎవరూ బాగు చేయించకుండా చేతులు మారుస్తూ వచ్చారని అర్థం. దొంగ బండా, ఫైనాన్సు బాకీ ఉందా, ప్రమాదంలో రైటాఫ్ (బాగు చేయించడం దండగని బీమా కంపెనీ తేల్చేయడం) అయిందా అన్నది 10 నుంచి 20 పౌండ్ల ప్రైవేటు చెక్‌లో తెలుస్తుంది. దాన్ని దాటవేయకండి, ఫైనాన్సు బాకీ ఉన్న బండిని అప్పిచ్చిన సంస్థ వెనక్కి తీసుకెళ్లడానికి రావచ్చు.

బండి దగ్గరికి వెళ్లేటప్పుడు "ఇంజను స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి, చల్లటి ఇంజను మొండికేయడం దాచడానికి చేసే పని అదే. స్టార్ట్ అయ్యాక పొగ నీలంగా వస్తే నూనె మండుతోంది. పరుపు ఎత్తి, కింది చెక్క తీసి, చక్రాల గుబ్బల దగ్గర నేల రేకును స్క్రూడ్రైవర్ వెనకభాగంతో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మెత్తగా పలుకుతుంది. పైకప్పు గాలిగవాక్షం మూలల్లో చెయ్యి పెట్టి చెమ్మ చూడండి. ఇంట్లో కోసి బిగించినవాటికి సీలింగు సరిగా పడక నీరు లోపలికి దిగి గోడ చెక్క వెనక కుళ్లబెడుతుంది. గ్యాస్ గొట్టం మీద అచ్చువేసిన తేదీ ఉంటుంది, పాతదైతే మార్పించాల్సిందే. లోపలి బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపాలి. ఛార్జి చేసి కాసేపు వదిలాక 12 కన్నా కిందికి జారితే ఆ బ్యాటరీ పనైపోయినట్టే. విండ్‌షీల్డ్ కింద ఉన్న ఛాసిస్ నంబరు, తలుపు దగ్గర పలక మీదిది, వీ5సీలోది మూడూ ఒకటే కావాలి.

కాగితంలో బాడీ రకం ఏం రాశారో చూడండి. అమ్మేవాడు క్యాంపర్ అంటాడు, వీ5సీలో మాత్రం "ప్యానెల్ వ్యాన్" అని ఉంటుంది. 2019 నుంచి బ్రిటన్ రవాణా శాఖ "మోటార్ కారవాన్" అన్న పేరును తేలిగ్గా ఇవ్వడం లేదు. అది నేరమేమీ కాదు, కానీ లోపల మంచం బిగించిన సంగతి బీమా కంపెనీకి చెప్పి తీరాలి.

కొన్న రోజున అమ్మేవాడు ఆన్‌లైన్‌లో పేరు మార్పు నమోదు చేస్తాడు, వీ5సీలోంచి మీకు ఆకుపచ్చ చీటీ చింపి ఇస్తాడు. ఆ చీటీలోని 12 అంకెల నంబరుతో మీరు అక్కడికక్కడే ట్యాక్స్ కట్టాలి. 2014 అక్టోబరు నుంచి పాత యజమాని ట్యాక్స్ బండితో పాటు రాదు. ఇప్పటికీ దీంట్లోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. బీమా కూడా తాళంచెవి చేతికి రాకముందే మొదలవ్వాలి.

లండన్‌లో ఉంటే యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్లకు రోజువారీ రుసుము వేసే ప్రాంతం) చూసుకోండి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్‌లోని అన్ని బరోలకూ (పురపాలక విభాగాలకూ) విస్తరించింది. యూరో 6 (యూరప్ కాలుష్య ప్రమాణం) కాని డీజిలు వ్యాన్ నడిపిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు, కదలకుండా పార్కింగులో ఉన్న రోజుకు లేదు. జర్మనీలో బెర్లిన్ లాంటి నగరాల మధ్యకు పోవాలంటే కాలుష్య ప్రమాణానికి సరిపోతుందని చూపే ఆకుపచ్చ స్టిక్కరు కావాలి, లేకపోతే జరిమానా 100 యూరోలు.

బరువు గురించి ఆస్ట్రేలియా వాళ్లకు ప్రత్యేకంగా: అక్కడి మామూలు కారు లైసెన్సుతో 4.5 టన్నుల దాకా నడపొచ్చు, బ్రిటన్‌లో కారు లైసెన్సు 3.5 టన్నుల దాకానే. ఆస్ట్రేలియా లైసెన్సుతో బ్రిటన్‌లో నివాసం మొదలైన 12 నెలలు నడుపుకోవచ్చు, ఆ తర్వాత 43 పౌండ్లు కట్టి బ్రిటన్ లైసెన్సుగా మార్చుకోవాలి. ఆ మార్పిడి తొందరగా చేస్తే బీమా కూడా తేలికవుతుంది. ఇంకో మాట, ఆస్ట్రేలియా పీఆర్ మాత్రమే ఉండి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు పైన చెప్పిన 90 రోజుల వెసులుబాటు లేదు, షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే.

ఇప్పటికే బయానా ఇచ్చేశారా? మిగతా డబ్బు పంపకండి. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" అని పేపాల్‌లో పంపితే కొనుగోలు రక్షణ ఏమీ ఉండదు. కార్డుతో ఇచ్చి ఉంటే మీ బ్యాంకుకు చెప్పి ఛార్జ్‌బ్యాక్ (కార్డు చెల్లింపును వెనక్కి తెప్పించడం) అడగండి. బండి చేతికి వచ్చేసి ఉంటే ముందుగా ఎంవోటీ గడువు చూడండి. గడువు ఉంటే, మీ పేరు మీద బీమా తీసుకున్నాకే, నేరుగా బ్రిటన్‌కు నడపండి. అయిపోయి ఉంటే ట్రక్కు మీద ఎక్కించి పంపించడం తప్ప దారి లేదు. దానికి రెండు మూడు చోట్ల ధర కనుక్కుని, బ్రిటన్‌లోకి ప్రవేశానికి ఏ కస్టమ్స్ కాగితం కావాలో ట్రాన్స్‌పోర్టు వాళ్లనే ముందే రాతలో అడగండి.