విమానమెక్కే కానుకల్లో శ్రీకాళహస్తి కలంకారీ ముందు, కొయ్యబొమ్మ తర్వాత

అమెరికాలో కొడుకు దగ్గరికో, సింగపూర్‌లో ఆఫీసు పనికో తిరుపతి నుంచి బయల్దేరేవాళ్లకు కానుకలంటే మూడే గుర్తొస్తాయి: లడ్డు, కొయ్యబొమ్మ, కలంకారీ. 23 కిలోల పెట్టెలో బరువు తినకుండా, కస్టమ్స్ వాళ్లు ఆపకుండా, అవతలి ఇంట్లో పదేళ్లు ఉండేది మూడోదే. కొనేటప్పుడు ఎక్కువగా మోసపోయేది కూడా దాని దగ్గరే.

తిరుపతి కొట్లలో కలంకారీ అని అడిగితే మూడు రకాలు తీసి బల్ల మీద పరుస్తారు. శ్రీకాళహస్తిది చేత్తో కలం పట్టి గీసింది. మచిలీపట్నం పక్కన పెడనలో చేసేది చెక్క అచ్చులతో అద్దింది. అదీ అసలైన చేతిపనే, సంప్రదాయం వేరు, ధరా తక్కువ. మూడోది మిల్లు గుడ్డ మీద యంత్రం కొట్టిన బొమ్మ. "పెన్నా, బ్లాకా, ప్రింటా?" అని సూటిగా అడగండి. "హ్యాండ్ వర్కే మేడమ్" అన్నారంటే మీ ప్రశ్నకు జవాబు రాలేదనే లెక్క. రెండొందలకు పెన్ కలంకారీ దుపట్టా ఇస్తామంటే అది ప్రింటే.

తేడా పట్టుకోవాలంటే పని ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అలుక్కుపోకుండా గీత గీతలాగే నిలుస్తుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు లీలగా బొమ్మ వేసుకుంటారు. కలమంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్నో గుడ్డపీలికో చుట్టి దారంతో కడతారు. రంగు ఆ ఉండలో ఉంటుంది, వేళ్లతో నొక్కితే మొనలోకి దిగుతుంది. నల్ల రంగు పేరు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే తయారవుతుంది. గీసినప్పుడు పలచగా కనిపించే ఆ నీళ్లు గుడ్డలోని కరక్కాయ వగరును తాకగానే నల్లబడతాయి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాసి, ఆ తర్వాత మంజిష్ఠ లాంటి వేళ్లూ చెక్కలూ వేసి గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టి, మిగతాది నీళ్లలో జాడిస్తే వదిలిపోతుంది. పసుపు కరక్కాయ పువ్వుది, నీలం నీలిమందుది. నీలానికి ఇప్పుడు చాలామంది రసాయన రంగే వాడుతున్నారు. అడిగితే దాచకుండా చెప్పేవాళ్ల దగ్గర ధైర్యంగా కొనొచ్చు.

ఇక పరీక్ష. నూలు గుడ్డ తిరగేయండి. రంగు గుడ్డలోకి దిగింది కాబట్టి వెనక కూడా దాదాపు అంతే ముదురుగా ఉండాలి. ప్రింటు వెనక వైపు పాలిపోయి ఉంటుంది. తర్వాత ఒకే రకం బొమ్మలు రెండు వెతకండి, అంచులో రెండు చిలకలనుకోండి. ఒకదాని ముక్కు కాస్త వంగి ఉంటుంది, రెండోదాని కంటి చుట్టూ గీత లావుగా ఉంటుంది. కలం కొత్తగా ముంచి తీసిన చోట గీత ముద్దగా మొదలై, పోను పోను సన్నబడుతుంది. అచ్చు గుద్దినట్టు రెండు చిలకలూ ఒకటే అయితే, జాన పెట్టి కొలవండి. ప్రతిసారీ సరిగ్గా అదే దూరంలో బొమ్మ తిరిగొస్తే అది అచ్చో ప్రింటో అయ్యుంటుంది. తడి రుమాలుతో రుద్ది రంగు అంటకపోతే అసలుదని కొందరు చెబుతారు, దాన్ని నమ్మకండి. మంచి రసాయన రంగూ అంటదు, సరిగా జాడించని సహజ రంగు మొదట్లో కొంచెం అంటుతుంది.

కొత్త గుడ్డకు పుల్లటి పాల వాసన ఉంటుంది. అది లోపం కాదు. కానీ దాన్ని అలాగే ప్లాస్టిక్ కవరులో బిగించి పెట్టెలో పడేస్తే, కాస్త తేమ ఉన్నా చాలు, దిగేసరికి ముక్కిన వాసన పట్టి కూర్చుంటుంది, ఒక్కోసారి బూజు కూడా. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు నీడలో గాలికి ఆరేసి, పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. గోడకు కట్టేదాన్ని మడవొద్దు. కసిమిలోని ఇనుము కాలం గడిచేకొద్దీ నూలును బలహీనం చేస్తుంది, ఎప్పుడూ ఒకే మడత పడితే ఆ నల్ల గీత దగ్గరే చిరుగుతుంది. అట్ట గొట్టానికి చుట్టి చేతి సామానులో పెట్టుకోండి. ఇక్కడే ఫ్రేము కట్టించుకుని పోవడం మాత్రం డబ్బు దండగ. అద్దం పగులుతుంది, బరువూ పెరుగుతుంది.

ఎవరికి ఏది అన్నది ఇంకో లెక్క. దశావతారాలు, పట్టాభిషేకం మనవాళ్ల ఇళ్లకు బాగుంటాయి. విదేశీ సహోద్యోగికి దేవుడి బొమ్మ ఇస్తే సోఫా దిండుకు గలేబు కుట్టించుకోవచ్చు, తప్పు వాళ్లది కాదు. అలాంటివాళ్లకు జీవవృక్షం, నెమళ్లు, ఏనుగులు ఉన్నవి తీసుకోండి. అపార్టుమెంటు గోడకు మూడడుగుల ముక్క చాలు. ఉతకడం గురించి ఒక చీటీ రాసి లోపల పెట్టండి: చన్నీళ్లు, విడిగా, వాషింగ్ మెషిన్ వద్దు, నీడలో ఆరేయాలి.

కొయ్యబొమ్మల విషయానికొస్తే, ఏర్పేడు మండలం మాధవమాలలో చెక్కే పనితనానికి వంక పెట్టలేం. చిక్కంతా కలపతోనే. ఎర్రచందనం ఎగుమతి నిషేధంలో ఉంది, అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలోనూ ఉంది. "చిన్న బొమ్మే కదా" అని పెట్టెలో వేసుకుంటే విమానాశ్రయంలో బొమ్మ పోతుంది, కేసు కూడా కావచ్చు. వేరే చెక్కకు ఎర్ర రంగు పూసిన బొమ్మతోనూ తంటాయే, స్కానర్ దగ్గర మీ మాట ఎవరు వింటారు? తెల్ల కలపది తీసుకుని, బిల్లు మీద ఏ చెక్కో రాయించుకోండి. అడుగు భాగం తిప్పి చూడండి. సూది బెజ్జాలు, పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు దాన్ని లోపలికి రానివ్వరు. పచ్చి చెక్కతో చేసింది చలిదేశాల్లో హీటరు వేసిన గదిలో నెలలోపే నిలువునా బీట వారుతుంది. చేతికి చల్లగా, సైజుకు మించిన బరువుగా తగిలితే వదిలేయండి.

లడ్డు సంగతి వేరు, దాన్ని కానుకల లెక్కలో తూచలేం. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ప్రసాదమది. నెయ్యిలో చేసింది కాబట్టి పది పదిహేను రోజులు ఆగుతుంది. స్టీలు డబ్బాలో, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, సందు లేకుండా సర్దండి. సందుంటే చేరేసరికి బూందీ మిగులుతుంది. దిగాక ఫారంలో తిండి పదార్థాలున్నాయని రాయండి. రాసి పోగొట్టుకుంటే పోయేది లడ్డే, రాయకుండా దొరికితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. అమెరికా వెళ్లేవాళ్లు కుంకుమ, విభూతి పొట్లాలు చెకిన్ పెట్టెలోకి మార్చుకోండి. చేతి సామానులో పొడి 350 మిల్లీలీటర్లు దాటితే విప్పి చూస్తారు, పనికిరాదనుకుంటే అక్కడే పారేస్తారు. కుంకుమకు రెండు కవర్లు వేయండి, ఒకటి పగిలిందంటే పట్టుచీరలన్నీ మంగళకరమైపోతాయి.

ఎక్కడ కొనాలంటే, టైం లేనివాళ్లకు తిరుపతిలోని లేపాక్షి సరిపోతుంది. ప్రభుత్వ ఎంపోరియం కాబట్టి బిల్లు పక్కాగా ఉంటుంది, రకాలు మాత్రం తక్కువ. సగం రోజు చేతిలో ఉంటే శ్రీకాళహస్తికే పొండి, నలభై కిలోమీటర్ల లోపే. 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక ఈ పని మళ్లీ నిలదొక్కుకుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టిది ఈ ఊరే. గుడి దగ్గరి కొట్లలో కొనకుండా, గుడ్డలు గీస్తున్న ఇళ్లు అడుక్కుని వెళ్లండి. సగం పూర్తయిన ముక్కను, దాని వెనక వైపును చూపించగలిగినవాళ్ల దగ్గర బేరం ఎక్కువ ఆడకండి. శివరాత్రి రోజుల్లో ఆ ఊళ్లో కాలు పెట్టే సందుండదు, పనివాళ్లూ దొరకరు.

కోరిన బొమ్మ గీయించుకోవాలంటే వారాలు పడుతుంది. ఉడకబెట్టిన ప్రతిసారీ జాడించడానికి నీళ్లు, ఆరడానికి ఎండ కావాలి. మన తిరుపతి వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ నెలల్లో గుడ్డ ఆరదు, రంగూ తేలదు. క్రిస్మస్ సెలవులకు టికెట్ ఉన్నవాళ్లు ఆగస్టులోనే అడ్వాన్సు ఇచ్చేయండి.