బారిలో అద్దె ఇల్లు బుక్ చేసుకునేవారికి జాగ్రత్త హెచ్చరిక: "పైపు పగిలింది, వేరే ఇల్లు ఇస్తాం"

వెనిస్, అమాల్ఫీ తీరాల ధరలు చూసి వెనుకాడుతున్నవాళ్లు, సముద్రం పక్కన తక్కువ ఖర్చులో ఒక ఇటలీ ఊరు చూడాలనుకుంటే బారి వెళ్లమనే ఇప్పటికీ చెబుతాను. ఏడ్రియాటిక్ తీరంలో ఉన్న ఈ ఊరు పూలియా ప్రాంతానికి రాజధాని. ఊరి మీద నాకు ఏ కోపమూ లేదు. సముద్రం కనిపించే బాల్కనీ ఫొటోలు చూపించి డబ్బు తీసుకుని, తీరా బయలుదేరే సమయానికి ఎక్కడో లోపలి వీధిలోని ఇంట్లోకి నెట్టే వ్యాపారం మీదే నా కోపం. పెద్దవాళ్లను, పిల్లలను తీసుకుని వెళ్లేవాళ్లు ముఖ్యంగా ఇది చదవాలి.

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. రాజమండ్రి నుంచి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు సెప్టెంబరులో బారి తీసుకెళ్లాలనుకున్నాం. ఆగస్టు 15న ఇటలీ అంతటా ఫెర్రగోస్తో సెలవు. ఆ రోజుల్లో తీరంలో గదుల ధరలు ఆకాశాన్ని అంటుతాయి. సెప్టెంబరుకు ధరలు తగ్గుతాయి, నీళ్లు మాత్రం వెచ్చగానే ఉంటాయి. పేరున్న ఒక బుకింగ్ సైటులోనే ఇల్లు తీసుకున్నాం. పాత ఊరి అంచున, లిఫ్టు ఉన్న భవనం, బాల్కనీలోంచి సముద్రం. నాన్నకు మోకాళ్ల నొప్పులు కాబట్టి లిఫ్టు ఉందా అని ముందే రాసి అడిగాం, ఉందని జవాబు వచ్చింది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం సైటులో కాకుండా వాట్సాప్‌లో సందేశం వచ్చింది. ఇంట్లో నీటి పైపు పగిలింది, క్షమించండి, అదే ధరకు ఇంకా పెద్ద ఇల్లు సిద్ధం చేశాం, పది నిమిషాల దూరమే అని. చిరునామా అడిగితే విమానం దిగాక పంపుతామన్నారు. తాళం గోడకు బిగించిన చిన్న పెట్టెలో ఉంది, ఎదురు వచ్చిన మనిషి ఎవరూ లేరు. ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. సముద్రం వైపు నడవాలంటే పెద్దవాళ్లకు సాధ్యమయ్యే దూరం కాదు. రాత్రి అయింది, నాన్న మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఆ వేళలో ఇద్దరు పెద్దవాళ్లతో ఎక్కడికి పోతాం? లోపలికి వెళ్లాం.

మరుసటి రోజు సైటు తెరిచి చూస్తే, పైపు పగిలిందన్న ఇల్లు ఆ వారానికే బుకింగ్‌కు సిద్ధంగా కనిపిస్తోంది, అదీ మేము కట్టినదానికంటే ఎక్కువ ధరకు. మేము దిగిన ఇంటి ఫొటోలు ఇంకో పేరుతో ఇంకో ప్రకటనలో ఉన్నాయి. దీన్ని నేను ప్రమాదం అనుకోవడం లేదు. మంచి ఇల్లు ఎర, నాసిరకం ఇల్లు సరుకు. ఫిర్యాదు చేస్తే, మీరు తాళం తీసుకుని లోపలికి వెళ్లారు కాబట్టి మార్పుకు ఒప్పుకున్నట్లే అన్నారు. పైగా శుభ్రపరచడానికి, దుప్పట్లకు, నగర పన్నుకు అంటూ నగదు అడిగారు. రసీదు లేదు.

అందుకే అలాంటి సందేశం వస్తే వాట్సాప్‌లో 'సరే' అనకండి. బుకింగ్ సైటు సందేశాల్లోనే జవాబు ఇవ్వండి: నేను ఈ చిరునామాలోని ఈ ఇల్లే తీసుకున్నాను, మార్పుకు ఒప్పుకోవడం లేదు, ఆ ఇల్లు ఇవ్వలేకపోతే మీరే రద్దు చేసి డబ్బు వెనక్కి ఇవ్వండి. ఈ మూడు మాటలు చాలు. రద్దు నొక్కమని మిమ్మల్ని ఎంత బతిమాలినా నొక్కవద్దు. మీరు నొక్కితే అది మీ రద్దు అవుతుంది, డబ్బు పోవచ్చు. వాళ్లు నొక్కితే పూర్తి సొమ్ము రావాలి, చాలా సైట్లలో వేరే వసతి వెతకడానికి సహాయం కూడా అడగవచ్చు.

బుక్ చేయక ముందే చూడవలసినది ఇంకొకటి ఉంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. ఇటలీలో పర్యాటకులకు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ప్రభుత్వం ఇచ్చిన జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి, దాన్ని సీఐఎన్ అంటారు. 2025 జనవరి నుంచి ఇది తప్పనిసరి. ప్రకటనలోనూ ఉండాలి, భవనం బయట కనిపించేలానూ పెట్టాలి. ఆ సంఖ్య లేకుండా అద్దెకిస్తే 800 నుంచి 8,000 యూరోల వరకు జరిమానా, ఉన్నా చూపించకపోతే 500 నుంచి 5,000 వరకు. సంఖ్య ఐటీ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. ప్రకటనలో అది కనిపించకపోతే ముందుకు వెళ్లవద్దు. కనిపిస్తే దాన్ని రాసిపెట్టుకోండి. వేరే ఇల్లు ఇస్తామన్నప్పుడు మొదటి ప్రశ్నగా ఆ ఇంటి సీఐఎన్ అడగండి. మేము దిగిన భవనం తలుపు దగ్గర అలాంటిదేమీ లేదు.

పాస్‌పోర్టు సంగతి ఇంకా ముఖ్యం. అతిథుల వివరాలను వచ్చిన 24 గంటల్లోగా యజమాని పోలీసులకు ఆన్‌లైన్‌లో పంపాలని ఇటలీ చట్టం. భారత పాస్‌పోర్టుతో మరో షెంగెన్ దేశం (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల్లో ఒకటి) మీదుగా వచ్చినవాళ్లు 8 రోజుల్లోగా తమ రాకను తెలియజేయాలి. హోటల్ వాళ్లో ఇంటి యజమానో పంపే ఆ వివరాలే దానికి సరిపోతాయి. మా దగ్గర ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు. అడగలేదని సంతోషించే విషయం కాదిది. ఆ ఇల్లు లెక్కల్లోనే లేదని అర్థం, రేపు ఏదైనా జరిగితే మన అమ్మానాన్నలు ఎక్కడ ఉన్నారో చెప్పే కాగితం ఉండదు. పాస్‌పోర్టు అడగని ఇంటిని అనుమానించండి. పాస్‌పోర్టు ఫొటోను వాట్సాప్‌లో ముందే పంపమంటే కూడా ఒకసారి ఆగి, ఎదురుగానో సైటు ద్వారానో ఇస్తామని చెప్పండి.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. షెంగెన్ వీసా దరఖాస్తుకు వసతి బుకింగ్ చూపించాలి, పెద్దవాళ్లకు వీసా రుసుమే 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా అదనం. ఇంత ఖర్చు పెట్టాక చివరి క్షణంలో ఇల్లు పోతే చాలామంది భయపడి ఏదిస్తే అది తీసుకుంటారు. ఆ భయమే ఈ మోసగాళ్ల పెట్టుబడి. వీసా కోసం ఉచితంగా రద్దు చేసుకునే హోటల్ గదినే చూపించండి. ఇల్లు మారితే కొత్త బుకింగ్ కాగితం వెంట ఉంచుకోండి, సరిహద్దులో అధికారి అడగవచ్చు.

ఏ చోటు ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి. 'బారిలో సముద్రం పక్కన' అంటే చాలా అర్థాలు వస్తాయి. ఉత్తరాన పలేసే, సాంతో స్పిరితో, దక్షిణాన తోర్రె అ మారే కూడా బారి నగర పరిధిలోవే. అందంగా ఉంటాయి, అక్కడి ఇంటిని బారి అనడం అబద్ధం కాదు, కానీ రాత్రి భోజనం చేసి పాత ఊరి నుంచి నడిచి రాలేరు. పాత ఊరైన బారి వెక్కియాకు, రైల్వే స్టేషనుకు మధ్య 1813లో నేపుల్స్ రాజు మ్యురా కాలంలో మొదలైన మురాత్తియానో పేట ఉంది. వీధులు గళ్లుగళ్లుగా తిన్నగా ఉంటాయి, దారి తప్పరు, పెద్దవాళ్లకు అదే సుఖం. పాత ఊళ్లో ఇళ్లు చూడముచ్చటగా ఉన్నా, సన్నని నిటారు మెట్లు ఎక్కువ, కారు వెళ్లని సందులు ఎక్కువ. విమానాశ్రయం నుంచి బారి చెంత్రాలే స్టేషనుకు రైలు ఉంది, 20 నిమిషాలకు అటూఇటూ. కారు అద్దెకు తీసుకుంటే పాత ఊరి పరిమిత ట్రాఫిక్ ప్రాంతంలోకి వెళ్లకండి, కెమెరా పట్టుకుంటే జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది.

ఊళ్లో నిజంగా తక్కువ ఖర్చుతో దొరికేవి చాలా ఉన్నాయి. పానె ఎ పొమొదోరో బీచిలో ప్రవేశం ఉచితం. సాన్ నికోలా బసిలికా అనే పెద్ద చర్చిలో అడుగుపెట్టడానికి టికెట్టు లేదు. 1087లో నావికులు మైరా (ఇప్పటి టర్కీలోని ఊరు) నుంచి తెచ్చిన సెయింట్ నికొలస్ అవశేషాలు అక్కడే ఉన్నాయి. టమాటా, ఆలివ్‌లు వేసిన ఫొకాచ్చా రొట్టె ముక్క ఒకటి తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది, మా అమ్మ శాకాహారి కాబట్టి దానితోనే ఎక్కువ గడిపింది. అయితే శాకాహారులు ఒర్రెక్కియెత్తే పాస్తా, ఆకుకూర కలిపిన వంటకం చూసి మోసపోవద్దు, అందులో తరచు ఆంచోవీ చేప వేస్తారు. అడిగి తినండి. చేప తినేవాళ్లు జాబితాలో ధర పక్కన 'ఎత్తో' ఉందేమో చూడండి, అది 100 గ్రాముల ధర. 6 యూరోలు అని రాసి ఉన్న చేప 700 గ్రాములు తూగితే బిల్లు 42 యూరోలు. తూకం వేయించి, మొత్తం ఎంతో తెలుసుకున్నాకే వండమనండి.

దగ్గరలోని సముద్రతీర పట్టణం పొలిన్యానో అ మారేకు రైలులో వెళ్లిరావచ్చు, ఖర్చు కొద్ది యూరోలే. గుహ ఇళ్లకు పేరున్న మతేరా ఊరికి వెళ్లే చిన్న రైళ్లు ఆదివారాలు నడవవు, బస్సు వేస్తారు. ప్రయాణాన్ని ఆదివారానికి పెట్టుకోకండి.

ఇప్పటికే ఇలాంటి ఇంట్లో చిక్కుకున్నవాళ్లు ఉంటే, తలుపు తీయకముందే భవనం ముఖం, మెట్లు, తలుపు దగ్గర సీఐఎన్ పలక లేకపోవడం వీడియో తీయండి. ఆ వీడియోను అప్పుడే బుకింగ్ సైటు సందేశాల్లో పంపి, గత్యంతరం లేక దిగుతున్నాం, మార్పుకు ఒప్పుకోవడం లేదు అని రాయండి. రాత్రి గడిపినా ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి. అసలు ఇల్లు ఇంకా అద్దెకు కనిపిస్తుంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచండి. నగదు అడిగితే రసీదు లేకుండా ఇవ్వకండి. నగర పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని నగరపాలక సంస్థ నిర్ణయించినది, యజమాని ఇష్టం కాదు. లెక్కల్లో లేని అద్దెల గురించి ఇటలీ ఆర్థిక పోలీసులకు 117 నంబరులో చెప్పవచ్చు. అత్యవసరమైతే 112. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు, చెప్పిన సేవ ఇవ్వలేదని లిఖితంగా ఫిర్యాదు చేయండి. యూరప్ సమాఖ్య దేశంలో నివసించేవాళ్లకు యూరోపియన్ వినియోగదారుల కేంద్రం ఉచితంగా సహాయం చేస్తుంది. మా ఫిర్యాదు బ్యాంకు దగ్గర ఉంది. ఆ ప్రకటన మాత్రం ఇంకా సైటులోనే ఉంది, అదే బాల్కనీ ఫొటోతో.