రెండు కండువాల కింద ఒకటే చెయ్యి: బెజవాడ బ్రోకర్లతో ఏడాదిన్నర

సత్యనారాయణపురంలో పదకొండేళ్లు అద్దెకున్నాక, 2024 సంక్రాంతి వెళ్లగానే ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. రిజిస్ట్రేషన్ అయ్యేసరికి 2025 ఆగస్టు చివరికి వచ్చింది. ఈలోగా తొమ్మిది మంది బ్రోకర్లు, ముప్పై పైచిలుకు ఇళ్లు, మూడు సిట్టింగులు, అంటే ఓనరుతో కూర్చుని ధర మాట్లాడుకోవడం. వాటిలో రెండు చేతికొచ్చినట్టే వచ్చి జారిపోయాయి. మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం. మన జన్మలో పెట్టే అతి పెద్ద ఖర్చు ఎవరి నోటి మీదుగా నడుస్తుందో ఆ మనిషి గురించి ఎవరూ రాయరు. అందుకే రాస్తున్నా. ఇళ్లు చూపించడంలో బ్రోకర్లకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ధర మాట్లాడటంలో ఒకటి. ఆ ఒకటి కూడా చివర్లో దొరికినాయన మొహం చూసి.

ముందు కమీషన్ లెక్క చెప్తాను, మిగతాదంతా అందులోనే ఉంది. పాత ఇంటి బేరంలో మాకు తగిలిన రేటు కొనేవాళ్ల దగ్గర ఒక శాతం, అమ్మేవాళ్ల దగ్గర ఒక శాతం. రెండేసి అడిగినవాళ్లూ ఉన్నారు, కాసేపు మాట్లాడితే దిగొచ్చారు. 60 లక్షల ఫ్లాట్ అయితే ఇటు 60 వేలు, అటు 60 వేలు. బ్రోకరు మన తరఫున గొంతు చించుకుని 2 లక్షలు తగ్గించాడనుకోండి. మనకి మిగిలేది 2 లక్షలు, అతనికి పోయేది 4 వేలు. అదే బేరం చెడిందా, లక్షా 20 వేలు గాల్లో కలిసిపోయినట్టే. కాబట్టి అతను మన మనిషీ కాదు, ఓనరు మనిషీ కాదు. బేరం మనిషి. మా మావయ్యగారు ఈ మాట నాకంటే బాగా చెప్పారు. వాళ్ల కాలంలో ఎడ్ల సంతలో ధర పైకి చెప్పేవాళ్లు కాదట. కండువా కప్పుకుని దాని కింద వేళ్లు పట్టుకుని చెప్పుకునేవాళ్లట. "రెండు కండువాల కిందా చెయ్యి పెట్టేది ఒక్కడేనమ్మా, వాడికి ఇద్దరి వేళ్లూ తెలుసు" అన్నారు.

ఇది ముందే తెలిసుంటే మొదటి రోజే మా వేళ్లు మేమే చూపించేవాళ్లం కాదు. మొదటి బ్రోకరు కుర్రాడు, బుల్లెట్ మీద వచ్చాడు. బండి దిగకముందే "బడ్జెట్ ఎంత అక్కా?" అన్నాడు. మా ఆయన ఊరుకోక "65 దాకా చూడొచ్చు" అనేశారు. ఆ రోజు నుంచి మాకు చూపించిన ప్రతి ఫ్లాటూ 68 దగ్గర మొదలై, ఎంతో కష్టపడ్డట్టు, 65 దగ్గరికొచ్చి ఆగేది. రెండు నెలల తర్వాత ఇంకో బ్రోకరుకి 55 అని చెప్పాం. కానూరులో ఒక అపార్ట్‌మెంటుకి తీసుకెళ్లాడు. లిఫ్ట్ పనిచేయడం లేదని మెట్లెక్కుతుంటే వాచ్‌మన్ నన్ను చూసి నవ్వాడు. నాకు రెండో అంతస్తులో వెలిగింది, ఇది మనం చూసిన ఫ్లాటే. గోడకి అదే వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, వంటింట్లో అదే విరిగిన చిమ్నీ. కుర్రాడు 68 చెప్పిన ఫ్లాట్‌ని ఈయన 61 అంటున్నాడు. తర్వాత తెలిసింది, ఓనరు ఇద్దరికీ "నా చేతికి 58 రావాలి, పైన వచ్చింది మీ ఇష్టం" అని చెప్పాట్ట. అలా అయితే కమీషన్ శాతం కాదు, మన అమాయకత్వం ఎంతో అంత.

దానికే మొదటి సిట్టింగ్ వేశాం. మే నెలలో 60కి నోటిమాట అయ్యింది. ఓనరు చెయ్యి కలిపాడు, కాఫీలు తాగాం. అగ్రిమెంటుకి మంచి రోజు చూసుకుందాం అనుకున్నాం. జూన్ 4న ఓట్ల లెక్కింపు. వారం తిరక్కుండానే బ్రోకరు ఫోను: "ఓనరు 66 అంటున్నాడమ్మా, రాజధాని పనులు మళ్లీ మొదలైపోతాయి కదా." రాజధానికీ కానూరులో తొమ్మిదేళ్ల పాత ఫ్లాట్‌లో పనిచేయని లిఫ్ట్‌కీ ఏంటి సంబంధం అని అడిగాను. "అలా అనకండి, సెంటిమెంట్" అన్నాడు. సంతకం లేని మాటకి ఆ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా విలువివ్వడు. వదిలేశాం.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. మేమున్న చోట ఇబ్బంది పడలేదు కానీ సింగ్‌నగర్, పాయకాపురం వైపు జనం మేడల మీద రోజుల తరబడి ఉన్నారు. పడవల్లో, డ్రోన్లతో అన్నం పంపించిన రోజులవి. రెండు నెలలకి అటువైపు ఇళ్లు బాగా తగ్గి అమ్మకానికొచ్చాయి. అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక డాబా ఇల్లు చూడటానికి వెళ్లాం. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. బ్రోకరు "నీళ్లు గుమ్మం దాకే వచ్చాయండి, లోపలికి చుక్క రాలేదు" అన్నాడు. నేను చూసింది స్విచ్‌బోర్డులు. కిందివన్నీ కొత్తవి, తెల్లగా మెరుస్తున్నాయి. తలుపు పైన కాలింగ్‌బెల్ బోర్డు మాత్రం పాతది, పసుపు తిరిగింది. దేవుడి గూడు కింద అల్మరా తలుపు తీస్తే లోపల, నా భుజం ఎత్తులో, మట్టి గీత. రంగు వేసినవాళ్లు అల్మరా లోపల వేయలేదు. పక్కింటావిడని అడిగితే "మేము నాలుగు రోజులు పైనే ఉన్నామమ్మా, వాళ్లూ మాతోనే" అంది. ధర కలిసొచ్చేది, అబద్ధం చెప్పకపోతే ఆలోచించేవాళ్లమేమో. ఇప్పటికీ సింగ్‌నగర్ వైపు ఎవరైనా ఇల్లు చూస్తుంటే నేను చెప్పేది ఒకటే, బ్రోకరుని అడక్కండి, అల్మరాలు తెరవండి.

అన్నిటికన్నా ఖరీదైన పాఠం గుణదలలో. రెండో సిట్టింగ్‌లో 63కి కుదిరింది. "ఇంకో పార్టీ రేపొద్దున్నే టోకెన్ ఇస్తారట, ఎన్నారై పార్టీ" అని తొందరపెట్టి, బ్రోకరు తన నంబరుకే మా చేత 50 వేలు టోకెన్ అడ్వాన్సుగా ఫోన్‌పే చేయించుకున్నాడు. రసీదు కాగితం లేదు. ఇంటి కాగితాలు తెచ్చి లాయరుకి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "చనిపోయినాయనకి పిల్లలెంతమంది?" ఇల్లు తండ్రి కొన్నది, వీలునామా లేదు. మాతో మాట్లాడింది పెద్దమ్మాయి. చిన్నమ్మాయి డల్లాస్‌లో ఉంది, ఈ అమ్మకం సంగతే ఆవిడకి తెలియదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే, వారసులు కాదు. తండ్రి స్వార్జితం మీద, వీలునామా లేకపోతే, తల్లితో పాటు కొడుకులకీ కూతుళ్లకీ సమాన హక్కన్నది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. అది బ్రోకరుకి తెలియదంటే నేను నమ్మను. టోకెన్ తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది, అదీ మూడు విడతల్లో. ఎన్నారై పార్టీ ఎవరో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆ చిన్నమ్మాయే అయ్యుంటుంది!

ఇలాంటప్పుడు ఎవరికి చెప్పుకోవాలని కనుక్కున్నాను. కొత్త ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మే ఏజెంట్లకి 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. పాత ఇల్లు చూపించే బ్రోకరుకి విజిటింగ్ కార్డు ఉంటే చాలు.

చివరికి పటమటలో దొరికింది. పన్నెండేళ్ల పాత ఫ్లాట్, 1,150 చదరపు అడుగులు, తూర్పు ఫేసింగ్, చెప్పిన ధర 68. ఈ బ్రోకరు అరవై దాటిన మనిషి, మా ఆయన్ని "గురువుగారూ" అంటాడు. ఈసారి బడ్జెట్ అడిగితే "ఇల్లు నచ్చితే చెప్తాం" అన్నాం, అంతే. లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి మారిందో చెప్పే పాత దస్తావేజులు) ముందు లాయరుకి చూపించాం, ధర మాట తర్వాత. ఇంకొకటి, సిట్టింగ్ ఆషాఢంలో పెట్టాం. మా అత్తగారు ఒప్పుకోలేదు. మాట్లాడుకోవడానికి ఆషాఢం అడ్డు కాదు, అగ్రిమెంటు శ్రావణ మాసం మొదటి శుక్రవారం పెట్టుకుందాం అని ఒప్పించాను. ఆ నెలలో ఇంకో పార్టీ ఉందని చెప్పడం బ్రోకర్లకి కూడా కష్టం.

ఓనరు రిటైరైన లెక్చరరు. హాల్లో టీపాయ్ మీద జంతికలు పెట్టారు. మేము 58 అన్నాం. ఆయన 67 అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఫ్యాను చప్పుడు ఒక్కటే. నాకు నోరు ఊరుకోదు, చీర చెంగు వేలికి చుట్టుకుని కూర్చున్నా. బ్రోకరు లేచి మా ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్లాడు. "గురువుగారూ, నాకొక్కడికి చెప్పండి, లాస్ట్ ఎంత?" మా ఆయన "58" అన్నారు. లోపలికొచ్చి ఓనర్ని వంటింట్లోకి తీసుకెళ్లాడు. అలా రెండుసార్లు తిరిగాడు. మూడోసారి నేనే "మాస్టారూ, మనం మనం మాట్లాడుకుందాం" అని, బ్యాంకు వాల్యుయేషన్ కాగితం టీపాయ్ మీద పెట్టాను. అందులో 61 ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "మా అబ్బాయి 65కి తక్కువైతే వద్దన్నాడు" అన్నారు. చివరికి 62 లక్షల 50 వేలు. వాల్యుయేషన్ కన్నా లక్షన్నర ఎక్కువే పెట్టాను, కార్ పార్కింగ్ నీడలో ఉందని మనసు జారింది.

తర్వాత బ్రోకరు మెల్లిగా "డాక్యుమెంటు 45కి రాసుకుందాం, మిగతాది క్యాష్" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుందట. నిజమే, స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 62.5కి 4 లక్షల 68 వేలు దాటుతుంది. కానీ 45కి రాస్తే బ్యాంకు ఇచ్చేది అందులో 80 శాతం, 36 లక్షలు. 62.5కి రాస్తే 50 లక్షల దాకా. ఆ తేడా నేను ఎక్కడ తేవాలి? పైగా ఇల్లు అమ్మకానికి అడ్వాన్సుగా 20 వేలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకి తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ఈ మాట మాస్టారి ముందే అన్నాను. ఆయనే "అంతా చెక్కులే" అన్నారు. 50 లక్షలు, ఆ పైన ఉన్న ఇంటికి కొన్నవాళ్లే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల పేరున ముందే కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలన్న సంగతి తొమ్మిది మంది బ్రోకర్లలో ఒక్కరూ చెప్పలేదు, ఆడిటరు చెప్పారు. అదీ 62,500, బ్రోకరు కమీషనూ 62,500.

అగ్రిమెంటులో లోను రాకపోతే అడ్వాన్సు 30 రోజుల్లో తిరిగివ్వాలని ఒక వాక్యం రాయించాం. బ్రోకరు మొహం చిట్లించాడు కానీ, ఆ ముసలాయన పనిమంతుడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ దగ్గర నుంచి సాక్షుల దాకా అన్నీ తనే చూసుకున్నాడు, మేము వెళ్లి వేలిముద్రలు వేసి వచ్చామంతే. ఇంటి పన్నులో, కరెంటు మీటరులో పేర్లు మార్పించడం కూడా తన బాధ్యతే అన్నాడు. కమీషన్‌లో 50 వేలు ఇచ్చి 12,500 ఆపాను. పన్నులో పేరు మారింది. మీటరు మీద ఇంకా మాస్టారి పేరే వస్తోంది. పండక్కి ఫోన్ చేసి "అమ్మా, ఆ బ్యాలెన్సు..." అన్నాడు. కరెంటు బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను.