చిరుతను చంపిన పిల్లా, నూరే రాయీ: ఆరు వారాల కోర్సు చేశాక

నా నవల మొదటి పేజీలోనే పదహారేళ్ల అమ్మాయి ఒంటరిగా చిరుతను చంపేది. నాలుగో పేజీలో ఎలుగుబంటిని. పదో పేజీకి వచ్చేసరికి అడవిలో చంపడానికి ఏమీ మిగల్లేదు, నవల ఆగిపోయింది. రెండేళ్లు అలాగే ఉండిపోయాక, రాతియుగం నేపథ్యంలో బలమైన నాయికలతో కథలు రాయడం నేర్పిస్తామన్న ఆన్‌లైన్ కోర్సు ఒకటి కనిపిస్తే చేరాను. దాని పేరు చెప్పను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి.

వారానికి రెండు రికార్డు చేసిన పాఠాలు, ఒక లైవ్ క్లాసు, పదిహేను వందల మాటల్లోపు ఒక అసైన్‌మెంట్, దాని మీద మెంటర్ నోట్స్. బ్యాచ్‌లో పన్నెండు మందిమి. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. నేను తెలుగులో రాసుకుని, పంపడానికి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చుకునేదాన్ని. పగలంతా ఆఫీసులో లెక్కలు చూసుకుని రాత్రి ఆ పని చేయడం చిన్న విషయం కాదు. కానీ దానివల్లే ఒక లాభం కలిగింది, తర్వాత చెప్తాను.

మొదటి వారం దండగ. "బలమైన నాయిక"కి వాళ్లు ఇచ్చిన నమూనా ఇది: తల్లి లేని పిల్ల, వేటగాడైన తండ్రి, ఆడవాళ్లు ఈటె ముట్టకూడదనే తెగ, పిల్ల ముట్టుకుంటుంది, చివరికి తెగ పెద్ద తలవంచుతాడు. అసైన్‌మెంట్లు చదువుకుంటే పన్నెండింటిలో తొమ్మిది కథలు ఇవే. అందులో నాదీ ఒకటి. అన్నింటికీ "అద్భుతం, కొనసాగించండి" అన్న ఒకే కామెంట్ వచ్చింది. డబ్బు పోయిందే అని ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

రెండో వారం మెంటర్ మారారు. ఈవిడ మొదటి మాటే, "ఆడవాళ్లు ఈటె ముట్టకూడదని మీ తెగకి ఎవరు చెప్పారు?" అని. మా ఎవరి దగ్గరా సమాధానం లేదు. అప్పుడు పెరూలోని విలమాయా పజ్జా గురించి చెప్పారు. ఆండీస్ పర్వతాల్లో దాదాపు 9,000 ఏళ్ల నాటి సమాధి. పక్కన ఇరవైకి పైగా రాతి పనిముట్లు, పెద్ద జంతువుల వేటకు వాడే మొనలు, తోలు గీకే రాళ్లు ఉన్నాయి. పంటి ఎనామిల్‌లోని ప్రొటీన్ చూస్తే అది అమ్మాయిదని తేలింది, వయసు పదిహేడు, పంతొమ్మిదేళ్ల మధ్య. 2020లో ఆ పరిశోధన అచ్చయింది. అంటే ఆ అమ్మాయి ఎవరినీ ఎదిరించి ఉండక్కర్లేదు, పొద్దున్నే లేచి అందరితోపాటు వేటకి వెళ్లి ఉండొచ్చు. నా కథలో సగం డ్రామా ఆ ఒక్క మాటతో ఊడిపోయింది.

ఇక్కడే పాఠంతో నాకు పేచీ ఉంది. వేట, సేకరణ మీద బతికే 63 సమాజాల్లో 79 శాతంలో ఆడవాళ్లు వేటాడారన్న 2023 నాటి అధ్యయనాన్ని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో పెట్టారు. ఆ సమాజాలను ఎంచుకున్న పద్ధతి, లెక్కగట్టిన తీరు సరిగా లేవని 2024లో వేరే పరిశోధకులు గట్టిగానే విమర్శించారు. ఆ సంగతి ఎక్కడా లేదు. లైవ్ క్లాసులో అడిగితే "మంచి ప్రశ్న" అని దాటేశారు. కథ రాసేవాళ్లకి అంత అవసరమా అంటారేమో. కావాలి. ఏది గట్టి ఆధారమో, ఏది ఊహో తెలిస్తేనే ఎక్కడ ధైర్యంగా కల్పించుకోవచ్చో తెలుస్తుంది.

మూడో వారం కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. ఆ వారమంతా శరీరం గురించే. సుమారు 7,000 ఏళ్ల కిందటి మధ్య యూరప్ రైతు స్త్రీల చేతి ఎముకలను కేంబ్రిడ్జ్‌లో పడవ పందేలకి శిక్షణ పొందే అమ్మాయిల ఎముకలతో పోల్చి చూశారట. 2017లో వచ్చిన పరిశోధన అది. మోచేతి పైన ఉండే ఎముక ఆనాటి స్త్రీలకి 11 నుంచి 16 శాతం ఎక్కువ గట్టిగా ఉంది. రోజుకి గంటల తరబడి ధాన్యం నూరడం అందుకు ఒక పెద్ద కారణం అయ్యుండొచ్చని వాళ్ల అభిప్రాయం. వీడియో అక్కడ ఆపి నా చేతులు చూసుకున్నాను.

నా నవల కాలం ఇంకా వెనక్కి, 23,000 ఏళ్ల కిందట, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న గలిలీ సరస్సు ఒడ్డున. అప్పటికి వ్యవసాయం లేదు. అయినా నూరడం ఉంది. 1989లో సరస్సు నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడిన ఒహాలో అనే చోట కొమ్మలతో కట్టిన ఆరు గుడిసెల ఆనవాళ్లు, పడుకోవడానికి పరుచుకున్న గడ్డి, అడవి బార్లీ గింజలు, పిండి రేణువులు అంటుకున్న ఒక రాయి దొరికాయి. నేను చిరుతల వెంట పడుతూ ఆ రాయిని రెండేళ్లు పట్టించుకోలేదు. ఇప్పుడు మొదటి అధ్యాయం ఆ రాయి దగ్గరే మొదలవుతుంది. నూరుతున్న పిల్ల భుజాలు ఎలా కదులుతాయో రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చిరుతను అరగంటలో చంపేశాను మరి.

అదే వారం చేత్తో చేసే అసైన్‌మెంట్ ఒకటి ఇచ్చారు: నార తీసుకుని తాడు పేనాలి. ఫ్రాన్స్‌లో నియాండర్తల్ మనుషులు, అంటే మనకంటే ముందు యూరప్‌లో బతికిన మరో రకం మనుషులు, ఉన్న ఒక చోట మూడు పోగుల తాడు ముక్క దొరికింది, 40,000 ఏళ్ల పైబడిన పాతది, పొడవు ఆరు మిల్లీమీటర్లు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. తొడ మీద నార పెట్టి పేనుతూ కూర్చుంటే రెండున్నర గంటలకి మూరెడు వచ్చింది, అదీ మధ్యలో విడిపోయింది. తొడ మంట. నా నాయిక రెండో అధ్యాయంలో "గబగబా తాడు పేని" కొండ దిగేది. ఆ వాక్యం కొట్టేశాను.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న లాభం సంగతి. భాష గురించి కోర్సులో ఒక్క పాఠం కూడా లేదు, ఇది పెద్ద లోటు. నా వాక్యం "కుండపోతగా వాన" ఇంగ్లీషులోకి వెళ్లగానే అందులో కుండ మాయమైపోయింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు, మా పిల్ల ఊళ్లో కుండే లేదని. ఇక వేట మొదలైంది. ఉక్కు సంకల్పం, అద్దంలాంటి నీళ్లు, వెన్నలాంటి మనసు, అన్నీ పోయాయి. ఇనుమూ లేదు, అద్దమూ లేదు, పాడీ లేదు. తిరగలి అని కూడా రాశాను. గుండ్రంగా తిప్పే ఆ రాళ్లు చాలా వేల ఏళ్ల తర్వాతివి. పిండి ఆరబోసినట్టు వెన్నెల మాత్రం ఉంచుకున్నాను, పిండి ఉంది కదా. తెలుగులో రాసేవాళ్లు ఈ పని సొంతంగా చేసుకోవాల్సిందే. మెంటర్‌కి అసలు కనిపించదు.

నాలుగో వారం నోట్స్ ఎనిమిది రోజులు ఆలస్యం. మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబు. అంతలో ఐదో వారం అసైన్‌మెంట్ గడువు వచ్చేసింది, ఒకటే టెన్షన్. వచ్చిన నోట్స్ మాత్రం బాగున్నాయి. అందులో ఒక్క ప్రశ్న ఉంది: "ఈమె వేటకి వెళ్తే పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు?" అంతకు ముందే మా అక్క డ్రాఫ్ట్ చదివి, "ఏమే, మీ తెగలో ఒక్క పసిపిల్ల కూడా ఏడవదా?" అంది. డబ్బు తీసుకోకుండా చెప్పింది కాబట్టి పట్టించుకోలేదు. ఇప్పుడు నాయిక వీపున వాళ్లక్క కొడుకు ఉంటాడు. వాడు నిద్రపోతేనే ఆమె కదలగలదు, వేట సన్నివేశంలో అసలు టెన్షన్ అక్కడుంది.

ఐదో వారం పాఠంలో ఒక్క ఉదాహరణ నాకు నచ్చింది. ఇజ్రాయెల్‌లోని ఒక గుహలో 12,000 ఏళ్ల నాటి సమాధిలో దాదాపు నలభై ఐదేళ్ల స్త్రీ. నడుము, వెన్ను ఎముకల్లో లోపం, కుంటుతూ నడిచి ఉండాలి. ఆమెతో పాటు యాభై తాబేళ్ల చిప్పలు, గద్ద రెక్క, చిరుత ఎముకలు పెట్టారు. ఆమె షామన్, అంటే తెగకి పూజలు, వైద్యం చేసే మనిషి, అయ్యుంటుందని తవ్వినవాళ్లు అనుకుంటున్నారు. ఈటె పట్టలేని మనిషికి అంత గౌరవం. బ్యాచ్‌లో ఒకామె తన నాయికని పడేసి ఈవిడ మీద కొత్త కథ మొదలెట్టింది, మా అందరికంటే ఆమెదే బాగా వచ్చింది.

ఆరో వారం పుస్తకం ఎలా అమ్ముకోవాలో. నేను సగంలో ఆపేశాను.

చేరాలనుకునేవాళ్లకి: చేతిలో కనీసం ఒక అధ్యాయం డ్రాఫ్ట్ ఉంటేనే చేరండి, లేకపోతే మొదటి వారం నమూనా మీ కథని మింగేస్తుంది. కోర్సు అయ్యాక వీడియోలు ముప్పై రోజులే కనిపిస్తాయి, ఆ సంగతి చేరేముందు ఎక్కడా చెప్పరు. మూడో వారానికి నోట్స్ రాసుకోండి. అయిదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను, మూడూ రెండో మెంటర్‌వే. రెండో స్థాయి కోర్సులో చేరమని వారానికో మెయిల్ వస్తోంది. చేరను. ఆవిడ ఒక్కరే విడిగా అధ్యాయాలు చదివి నోట్స్ ఇస్తానంటే మాత్రం ఈ రాత్రే డబ్బు కట్టేస్తాను.