మెడ ఆపరేషన్‌లో నరాల మానిటరింగ్: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

హైదరాబాద్ ఆసుపత్రుల్లో మెడ వెన్నుపూస ఆపరేషన్లు జరిగేటప్పుడు నరాల మానిటరింగ్ మెషిన్ ముందు కూర్చునే టెక్నాలజిస్ట్‌ని నేను. ఏళ్లుగా ఇదే ఉద్యోగం. రకరకాల కంపెనీల మెషిన్ల మీద పని చేశాను కాబట్టి ఏదో ఒక మోడల్ గురించి రాయడం లేదు, పద్ధతి మొత్తం గురించి రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్తాను. వెన్నుపాము బాగా నొక్కుకుపోయిన మెడకి మానిటరింగ్ లేకుండా ఆపరేషన్ అంటే మా ఇంట్లోవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. కానీ అది కాపలా కాసేది మనిషి టేబుల్ మీద ఉన్నంతసేపే. ఇంటికెళ్లాక చెయ్యి ఎప్పుడు లేస్తుంది, నడక ఎప్పుడు కుదురుతుంది అన్నది దాని చేతిలో లేదు. ఈ రెండింటినీ కలిపేసుకుని పేషెంట్ల ఇంటివాళ్లు తర్వాత బాధపడటం చాలాసార్లు చూశాను.

మత్తులో ఉన్న మనిషిని కాళ్లూ చేతులూ ఆడించమని అడగలేం కదా. ఒకప్పుడు నిజంగానే అడిగేవాళ్లు. 1973లో ఫ్రాన్స్‌కి చెందిన స్టాన్యారా బృందం గూని సరిచేసే ఆపరేషన్ల కోసం వేకప్ టెస్ట్ ప్రకటించింది. ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, పేషెంట్ చేత పాదాలు కదిలించి, మళ్లీ నిద్రపుచ్చేవాళ్లు. అది ఆ ఒక్క క్షణం సంగతే చెప్తుంది. ఇప్పుడు మేం స్పర్శ, కదలిక రెండు దారులూ గమనిస్తాం. మణికట్టు దగ్గర, చీలమండ దగ్గర చిన్న కరెంట్ ఇచ్చి అది వెన్నుపాము మీదుగా తలకి చేరుతోందా లేదా చూడటం ఎస్ఎస్ఈపీ. మణికట్టు నుంచి మెదడుకి చేరడానికి దానికి పట్టేది సుమారు 20 మిల్లీసెకన్లు. తల మీద కొన్ని వందల వోల్టుల చిన్న పల్స్‌లు వరసగా ఇచ్చి చేతి, కాలి కండరాలు స్పందిస్తున్నాయా చూడటం ఎంఈపీ. తల మీంచి కరెంట్ ఇచ్చి కండరం కదిలించవచ్చని 1980లో ఇంగ్లండ్‌లో మెర్టన్, మోర్టన్ చూపించారు. స్పర్శ దారి వెన్నుపాము వెనక భాగంలో, కదలిక దారి పక్కన, ముందు ఉంటాయి. అందుకే ఎస్ఎస్ఈపీ ఒక్కటే పెట్టుకుంటే స్పర్శ బాగానే ఉండి, కదలిక పోయిన సంగతి తెలియకుండా పోవచ్చు. ఖర్చు తగ్గించడానికి ఒక్కదానితో సరిపెట్టడం నాకు నచ్చదు.

ఈ పనిలో సగం ఫలితం కత్తి పెట్టకముందే తేలిపోతుంది. భుజం కండ, మోచేతి కండలు, బొటనవేలి మొదట్లో ఉన్న కండ, పిక్క ముందు కండ, కాలి బొటనవేలి కండ, వీటన్నిటికీ సన్నటి సూదులు గుచ్చి, వైర్లను జంటలుగా మెలేసి టేప్ వేస్తాను. మెలేయకపోతే గదిలో ఉన్న 50 హెర్ట్జ్ కరెంట్ అంతా స్క్రీన్ మీది సిగ్నల్ గీతలోకి, అంటే వేవ్‌లోకి దూరుతుంది. రక్తం వేడి చేసే యంత్రం, కరెంట్‌తో నడిచే టేబుల్, ఎవరో గోడకి పెట్టిన ఫోన్ చార్జర్, ఏదైనా సరే దొంగే. ఒక్కొక్కటీ ప్లగ్ తీయించుకుంటూ వెతకాల్సిందే. కొత్తగా కట్టిన ఓటీల్లో (ఆపరేషన్ థియేటర్లలో) కూడా ఈ తిప్పలు తప్పలేదు.

మత్తు డాక్టర్ సహకారం లేకపోతే మెషిన్ ఎంత ఖరీదైనదైనా దండగ. సెవోఫ్లూరేన్ లాంటి గ్యాస్ ఎక్కువైతే ఎంఈపీ చచ్చిపోతుంది. ప్రొపోఫాల్, ఫెంటానిల్ రక్తనాళం ద్వారానే ఎక్కిస్తూ ఉంటే నిలబడుతుంది. గొంతులో ట్యూబు వేయడానికి ఇచ్చిన కండరాల సడలింపు మందు దిగిపోయాక మళ్లీ ఇవ్వకూడదు. ఒకచోట, ఆసుపత్రి పేరు అనవసరం, పేషెంట్ కదిలాడని నాకు చెప్పకుండా ఆ మందు మళ్లీ ఇచ్చారు. స్క్రీన్ మీద కాళ్లూ చేతులూ అన్నీ ఒకేసారి పడిపోయాయి. సర్జన్ డ్రిల్ ఆపి నిలబడిపోయారు. మందు సంగతి తేలేదాకా ఆ గదిలో ఉన్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

దీని విలువ నాకు బాగా కనిపించేది వెన్నుపాము జోలికి ఇంకా ఎవరూ వెళ్లని సమయంలోనే. మెడ కింది ఎముకలు ఎక్స్‌రేలో కనపడకుండా భుజాలు అడ్డొస్తాయి. అందుకని భుజాలు కిందకి లాగి అంటుకునే టేప్ ప్లాస్టర్ వేస్తారు. ఒక పొట్టి మెడ మనిషికి అలాగే లాగారు. కొద్దిసేపటికి ఎడమ చేతిలో చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం వేవ్ సగానికన్నా కిందకి దిగింది. కాళ్ల వేవ్‌లు చెక్కు చెదరలేదు, కుడి చెయ్యి బాగుంది. మెడలో సమస్య అయితే ఒక్క చెయ్యే ఎందుకు పడిపోవాలి? "సార్, ఎడమ భుజం ప్లాస్టర్ ఒకసారి వదలండి" అన్నాను. నర్సు పేషెంట్ మీద కప్పిన గుడ్డ కిందకి దూరి ప్లాస్టర్ వదులు చేసింది. కొన్ని నిమిషాల్లో వేవ్ మెల్లగా లేచి పాత ఎత్తుకి వచ్చింది. అది అలాగే వదిలేసి ఉంటే ఆయన చిటికెన వేలు తిమ్మిరితో లేచేవారు, అందరూ మెడ ఆపరేషన్‌నే తిట్టుకునేవాళ్లు.

ఇంకో కేసు ఓపీఎల్‌ఎల్, అంటే వెన్నుపాము ముందున్న లిగమెంట్ ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కేసే జబ్బు. ఇలాంటివాళ్లకి వెల్లకిలా ఉండగానే బేస్‌లైన్, అంటే పోల్చుకోవడానికి మొదటి సిగ్నల్స్, తీసుకుంటాను, బోర్లా తిప్పాక మళ్లీ తీస్తాను. ఆ పెద్దాయనకి తిప్పాక కూడా అంతా బాగానే ఉంది. వెనక నుంచి ఎముక తీయడం మొదలుపెట్టే ముందు రెండు కాళ్ల ఎంఈపీ పోయింది.

"ఏమైంది?"

"రెండు కాళ్లూ పడిపోయాయి సార్. చేతులు సగం. బీపీ చూడండి మేడమ్."

సగటు బీపీ 62 ఉంది. నొక్కుకుపోయిన వెన్నుపాముకి ఆ రక్తం సరిపోదు. మత్తు డాక్టర్ మేడమ్ బీపీ పెంచే మందు నోరెడ్రినలిన్ పెంచి 85 దాటించారు. సర్జన్ చెయ్యి తీసేసి గోరువెచ్చని సెలైన్ పోస్తూ కూర్చున్నారు. ఎడమ కాలు ముందు వచ్చింది, తర్వాత కుడి. సిగ్నల్ పడిపోతే ఎవరు ఏం చూడాలో 2014లో అమెరికా వెన్నెముక వైద్యులు ఒక చెక్‌లిస్ట్ ప్రచురించారు. అది వెన్నెముక వంకర ఆపరేషన్ల కోసం రాసిందే అయినా మెడకీ పనికొస్తుంది. దాన్ని ఓటీ గోడకి అంటించుకున్న చోట పని చేయడం ఎంత సుఖమో చెప్పలేను. అరుపులుండవు, ఒకరి మీద ఒకరు తోసుకోవడం ఉండదు.

ఇక లోపాలు. ఎస్ఎస్ఈపీ వందల స్పందనలు సగటు తీసి చూపిస్తుంది, కాబట్టి కాస్త ఆలస్యంగా పలుకుతుంది. సగానికి సగం ఎత్తు తగ్గితేనో, 10 శాతం ఆలస్యమైతేనో హెచ్చరించాలన్నది నియమం. ఎంఈపీ వెంటనే చెప్తుంది గానీ పల్స్ ఇచ్చినప్పుడల్లా పేషెంట్ ఉలిక్కిపడతాడు, అందుకని ముందు సర్జన్‌ని అడగాలి. దవడ కూడా బిగుసుకుంటుంది. రెండు వైపులా దవడ పళ్ల మధ్య మెత్తటి గుడ్డ చుట్ట పెట్టకపోతే నాలుక తెగుతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే లోపం ఇంకొకటుంది. బాగా ముదిరిపోయి, నడవలేక చక్రాల కుర్చీలో వచ్చే పేషెంట్‌కి కాళ్ల సిగ్నల్ మొదట్నుంచే ఉండదు. లేనిదాన్ని కాపాడలేం. ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకే తక్కువ పనికొస్తోంది. ఇది మెషిన్ మారిస్తే తీరే సమస్య కాదు, పేషెంట్ ముందే రావాలి.

ఇప్పుడు కోలుకోవడం గురించి. ఒక టైలరమ్మకి మెడ వెనక నుంచి లామినోప్లాస్టీ, అంటే వెన్నుపాముకి చోటు పెంచే ఆపరేషన్ చేశారు. కుట్లు వేసేదాకా సిగ్నల్స్ అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. లేచాక కాళ్లూ చేతులూ ఆడించారు. మూడో రోజు పొద్దున తల దువ్వుకోబోతే కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు. వాళ్లబ్బాయి నా దగ్గరికొచ్చి "అన్నా, మెషిన్ పెట్టారు కదా, ఇది ముందే ఎందుకు తెలియలేదు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దీన్ని సీ5 పాల్సీ అంటారు. ఇలాంటి ఆపరేషన్లలో వందకి సుమారు ఐదుగురికి వస్తుంది. చాలావరకు ఆపరేషన్ అయిన కొన్ని గంటలకో, మొదటి వారంలోనో బయటపడుతుంది. ఒత్తిడి తీసేయగానే వెన్నుపాము వెనక్కి జరిగి, భుజానికి వెళ్లే ఆ నరం మొదలు లాగబడుతుందన్నది ఎక్కువమంది చెప్పే కారణం. సూదులు తీసేశాక జరిగేదాన్ని నా స్క్రీన్ ఎలా పట్టుకుంటుంది? ఆ మాటే అబ్బాయికి చెప్పాను. ఫిజియోథెరపీ వదలకుండా చేసుకున్నారు, కొన్ని నెలలకి చెయ్యి లేచింది. ఎక్కువమందికి అలాగే తగ్గుతుంది, కొందరికి కొంత బలహీనత మిగులుతుంది. ఈ సంగతి ఆపరేషన్‌కి ముందే డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాలని నేను గట్టిగా అంటాను.

మెడ ముందు నుంచి చేసినవాళ్లకి మింగడానికి ఇబ్బంది, గొంతు బొంగురు కొన్నాళ్లుంటాయి. మొదటి రోజు మెడ వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం క్షణం ఆగకుండా నర్సుని పిలవాలి.

కోలుకోవడం కొలవడానికి చేతులు, కాళ్లు ఎలా పని చేస్తున్నాయో మార్కులు వేసే 18 మార్కుల ఎంజేఓఏ స్కోరు వాడతారు. జపాన్‌లో పుట్టిన మొదటి ఫారంలో చాప్‌స్టిక్స్‌తో తినగలరా అని ఉంటుంది, తర్వాత దాన్ని స్పూన్‌గా మార్చారు. మన పేషెంట్లని నేను అన్నం కలుపుకోగలుగుతున్నారా, ముద్ద జారిపోతోందా, చొక్కా గుండీలు పెట్టుకోగలరా అని అడుగుతాను. పది సెకన్లలో గుప్పిట ఎన్నిసార్లు మూసి తెరుస్తారో లెక్కపెట్టమంటాను. మామూలు చెయ్యి 20 సార్లు, ఆ పైనే చేస్తుంది. వారానికోసారి ఇంట్లోనే లెక్క రాసుకుంటే మంచీ చెడూ తెలుస్తుంది. మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలలు, ఏడాదిలో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వెన్నుపాము నొక్కుకుపోయినవాళ్లకి తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు. అక్కడితో ముదరకుండా ఆగడమే పెద్ద లాభం.

అందరికీ ఇది అవసరమా? ఒక్క డిస్క్ నరం మీద నొక్కుతున్న మామూలు కేసుల్లో మానిటరింగ్ వల్ల ఫలితం మారిందని అధ్యయనాలు గట్టిగా తేల్చలేదు. అక్కడ అప్పు చేసి మరీ పెట్టించుకోమని చెప్పను. వెన్నుపాము నొక్కుకున్నవాళ్లు, ఓపీఎల్‌ఎల్, గడ్డలు, మెడ వంకర సరిచేసే ఆపరేషన్లు, వీటికి మాత్రం తప్పకుండా అడగండి. ఎస్ఎస్ఈపీ, ఎంఈపీ రెండూ చేస్తారా, చేసే మనిషి మొదటి నుంచి చివరిదాకా అదే గదిలో ఉంటారా, రెండు ఓటీలకి ఒక్కరే తిరుగుతారా అని అడగండి. వెన్నెముక వంకర ఆపరేషన్లపై 1995లో వచ్చిన పెద్ద సర్వేలో అనుభవమున్న మానిటరింగ్ బృందాలు ఉన్నచోట నరాల నష్టం సగానికన్నా తక్కువగా కనిపించింది, అంటే కూర్చునే మనిషి ముఖ్యం. ఫిట్స్ వచ్చినా, పేస్‌మేకర్ ఉన్నా, చెవిలో ఇంప్లాంట్ ఉన్నా, కదిలే పన్ను ఉన్నా ముందు రోజే మత్తు డాక్టర్‌కీ, మాకూ చెప్పండి.